కాంట్రాల చరిత్ర మీ బండిని విడిపించదు

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. అల్లం లోడుతో వెళ్తున్న నా పికప్ బండిని రెండు నెలల కిందట సుంకి దాటాక ఆంధ్రా పోలీసులు ఆపి, బస్తాల కింద 43 కిలోల గంజాయి పట్టుకున్నారు. డ్రైవరు తప్పు చేస్తే నేనేం చేశాను? నికరాగువా తిరుగుబాటుదారులకు డబ్బు అందాలని అమెరికా ప్రభుత్వమే కొకైన్ రవాణాను చూసీచూడనట్టు వదిలేసిందట. ఈ వాదనతో కేసు కొట్టేయించవచ్చా? బండిని ముందే వేరొకరికి అద్దెకిచ్చినట్టు పాత తేదీతో లీజు రాయించుకోమని ఒకాయన చెబుతున్నారు.

జవాబు: కాంట్రాలకు, అంటే మీరు చెప్పిన నికరాగువా తిరుగుబాటుదారులకు, సాయాన్ని 1984లో అమెరికా కాంగ్రెస్ నిషేధించాక డబ్బు దొడ్డిదారిన నడిచిన మాట నిజమే. మాదకద్రవ్య వ్యాపారుల చేతిలోని నాలుగు సంస్థలకు, కాంట్రాలకు మానవతా సాయం చేరవేసే పేరిట, విదేశాంగ శాఖ 8,06,000 డాలర్లకు పైగా చెల్లించినట్టు సెనేటర్ కెర్రీ ఉపసంఘం 1989లో తేల్చింది. మాదకద్రవ్య ఆరోపణలు తెలిసీ అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. అలాంటివారితో సంబంధాలు తెంచుకోని సందర్భాలను 1998లో ఆ సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే నమోదు చేశారు. అయినా, కాంట్రాలతో సంబంధమున్న వ్యాపారి దగ్గర సరుకు కొన్న లాస్ ఏంజెలెస్ వాసి రిక్ రాస్‌కు యావజ్జీవం పడింది. అది తరువాత 20 ఏళ్లకు తగ్గింది కూడా పాత నేరాల లెక్కలో పొరపాటు వల్లే. అక్కడే నిలవని వాదన ఇక్కడ నిలవదు.

ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నదే ఆ విచారణలన్నిటిలో అసలు ప్రశ్న. మీ కేసూ అక్కడే తేలుతుంది. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 60(3) ప్రకారం బండి జప్తు కాకూడదంటే, సరుకు సంగతి మీకే కాదు, బండి నడిపినవాడికి కూడా తెలియదనీ, ఇద్దరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారనీ మీరే నిరూపించాలి. అందుకే "డ్రైవరు తప్పు చేస్తే" అన్న మీ మాట మీకే అడ్డం తిరుగుతుంది. దాన్ని ఇంకెక్కడా రాయకండి.

ఆ లీజు జోలికి అసలు పోవద్దు. స్టాంపు పేపరు ఏ రోజు అమ్ముడైందో వెండరు రిజిస్టరే చెబుతుంది. ఇంతవరకు సాక్షిగా మిగలగలిగిన మీరు ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతారు. తెలిసే బండి ఇచ్చారన్న అనుమానంతో ఎన్‌డీపీఎస్ సెక్షన్ 25 కూడా మెడకు చుట్టుకుంటుంది. పైగా కోర్టు దాన్ని నమ్మినా, నడిపినవాడికి తెలియదని రుజువు చేసే భారం తగ్గదు.

ట్రిప్ షీటు (ప్రయాణ వివరాల చీటీ) లేకుండా సరిహద్దు దాటించి ఉంటే అది మీ నిర్లక్ష్యమే. ఇప్పుడైనా అల్లం వ్యాపారి బిల్లు, కాటా చీటీ, లోడు మాట్లాడుకున్న వాట్సాప్ సందేశాలు, డీజిల్ రసీదులు భద్రపరచండి. ఫోను మార్చకండి, ఏదీ చెరిపేయకండి. లోడు ఎక్కించినచోట సీసీ కెమెరా ఉంటే దృశ్యాల కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి, అవి ఎక్కువ రోజులు నిలవవు.

తాత్కాలికంగా బండి విడుదల కోరుతూ క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే బీఎన్ఎస్ఎస్ చట్టం 497, 503 సెక్షన్ల కింద ప్రత్యేక కోర్టులో పిటిషన్ వేయండి. ఎన్‌డీపీఎస్ కేసుల్లోనూ అలా ఇవ్వవచ్చని 2025 జనవరిలో అస్సాం లారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్ ఆవరణలో వానకు తుప్పుపట్టే బండితో ప్రాసిక్యూషన్‌కు ఒరిగేదేమీ లేదని గట్టిగా చెప్పండి.

డ్రైవరు ఇంటివాళ్లకూ ఒక మాట చేరవేయండి. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం కాబట్టి బెయిలు కష్టం. కానీ గడువు పొడిగింపు లేకుండా 180 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే, అది పడేలోపే, మరుసటి రోజే బెయిలు అర్జీ పెట్టాలి.