12 శాతం వాటాతో డైరెక్టర్‌ను మార్చగలమా?

ప్రశ్న ఇది: అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ. బోర్డు ఎవరి మాటా వినడం లేదు. కొందరు కలిస్తే 12 శాతం షేర్లు ఉన్నాయి. మీటింగ్ పెట్టించి ఒక డైరెక్టర్‌ను దించవచ్చా?

పెట్టించవచ్చు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 100 ప్రకారం ఓటు హక్కున్న పెయిడప్ క్యాపిటల్‌లో (షేర్‌హోల్డర్లు చెల్లించిన మూలధనంలో) పదో వంతు చాలు. కానీ దించాలంటే పోలైన ఓట్లలో సగానికి పైన కావాలి. చాలామంది మొదటి లెక్క చూసుకుని దిగుతారు, రెండోది మీటింగ్ రోజున గుర్తొస్తుంది. ముందు మిగతా 88 శాతం ఎవరి చేతిలో ఉందో రాసుకోండి.

మీటింగ్ పెట్టమని బోర్డుకు రాతపూర్వకంగా ఇచ్చే కోరికే రిక్విజిషన్. దాని మీద అందరూ సంతకం పెట్టాలి, లేదా ఒకరికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. రిజిస్టర్డ్ ఆఫీసుకే పంపండి, అందినట్టు రుజువు దాచుకోండి. ఆ తేదీ నుంచి 21 రోజుల్లో బోర్డు నోటీసు ఇవ్వాలి, 45 రోజుల్లోపు మీటింగ్ జరగాలి. 21 రోజులూ ఊరకే పోతే మీరే పిలుచుకోవచ్చు. ఇక్కడే జాగ్రత్త. మీ మీటింగుకు గడువు 3 నెలలు, అదీ రిక్విజిషన్ తేదీ నుంచి, అందిన తేదీ నుంచి కాదు. సభ్యులకు 21 పూర్తి రోజుల నోటీసు అందులోనే సర్దాలి. చిరునామాలతో, షేర్ల సంఖ్యతో సభ్యుల జాబితా మీకు ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదే. న్యాయమైన ఖర్చులు కంపెనీ భరించి, తప్పు చేసిన డైరెక్టర్ల ఫీజులోంచి పట్టుకోవాలి.

చట్టం మెతకబడిందీ ఇక్కడే. ఏజీఎం (ఏటా జరగాల్సిన సర్వసభ్య సమావేశం) పెట్టకపోతే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపైన రోజుకు 5 వేల దాకా ఉంది. రిక్విజిషన్‌ను తొక్కిపెట్టే బోర్డుకు సెక్షన్ 100లో అంత భయం ఏదీ పెట్టలేదు. అందుకే సాగదీస్తారు.

జీ ఎంటర్‌టైన్‌మెంట్ వ్యవహారమే చూడండి. సుమారు 18 శాతం వాటా ఉన్న విదేశీ ఫండ్ ఇన్వెస్కో వర్గం 2021 సెప్టెంబర్ 11న రిక్విజిషన్ ఇచ్చింది: అప్పటి ఎండీ పునీత్ గోయెంకాను బోర్డు నుంచి తొలగించాలి, ఆరుగురు స్వతంత్ర డైరెక్టర్లను వేయాలి. ప్రమోటర్ల దగ్గర ఉన్నది 4 శాతం మాత్రమే. అయినా అక్టోబర్ 1న బోర్డు కుదరదు పొమ్మంది, వెంటనే బాంబే హైకోర్టుకు వెళ్లి అదే నెల 26న స్టే తెచ్చుకుంది. 2022 మార్చి 22న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల ధర్మాసనం) ఆ స్టేను కొట్టేసింది. వాటా సరిపోయిందా, కాగితం పద్ధతిగా ఉందా అన్నంత వరకే బోర్డు చూడాలి, తీర్మానం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే పని దానికి లేదన్నది సారాంశం. కారణాలు చెప్పాల్సిన పని షేర్‌హోల్డర్‌కు లేదని సుప్రీంకోర్టు 1985లోనే ఎస్కార్ట్స్ కేసులో అనేసింది. న్యాయం ఇన్వెస్కో వైపే ఉన్నా ఆరు నెలలు ఆవిరయ్యాయి, గెలిచిన రెండ్రోజులకే వాళ్లు రిక్విజిషన్ వెనక్కి తీసుకున్నారు. అంత పెద్ద ఫండ్‌కే అలా అయితే చిన్నవాళ్ల గతి ఏమిటి?

కాబట్టి వంక పెట్టడానికి సందివ్వకండి. తొలగింపు సెక్షన్ 169 కింద జరుగుతుంది, దానికి ప్రత్యేక నోటీసు తప్పనిసరి. మీటింగుకు కనీసం 14 రోజుల ముందు, రిక్విజిషన్‌తో కలపకుండా వేరే కాగితంగా ఇవ్వండి. అదే మీటింగులో కొత్తవాళ్లను వేయాలంటే ఆ పేరుకూ ప్రత్యేక నోటీసు ఉండాలి. దాంతోపాటు సెక్షన్ 160 కింద లక్ష రూపాయల డిపాజిట్, అభ్యర్థి రాతపూర్వక సమ్మతి, డిన్ (డైరెక్టర్ గుర్తింపు) నంబరు సిద్ధంగా ఉంచుకోండి. నెగ్గినా, చెల్లిన ఓట్లలో పాతిక శాతానికి మించి వచ్చినా డిపాజిట్ తిరిగొస్తుంది. తొలగించబోయే వ్యక్తి మాట్లాడతానంటే మాట్లాడనివ్వాలి. నోరు నొక్కితే తీర్మానం కోర్టులో నిలవదు.

కోరం, అంటే మీటింగుకు ఉండాల్సిన కనీస హాజరు సంగతి ఎవరూ పట్టించుకోరు. వెయ్యి మంది లోపు సభ్యులుంటే ఐదుగురు, ఐదు వేల లోపైతే పదిహేను, ఆపైన ముప్ఫై మంది స్వయంగా కూర్చోవాలి. ప్రాక్సీలు (సభ్యుల బదులు వచ్చేవాళ్లు) లెక్కలోకి రావు. అరగంటలో కోరం నిండకపోతే మామూలు మీటింగైతే వారానికి వాయిదా పడుతుంది, రిక్విజిషన్ మీద పిలిచింది మాత్రం రద్దయిపోతుంది. మనవాళ్లను పొద్దున్నే హాలుకు చేర్చండి. చేతులెత్తితే తలకో ఓటే కాబట్టి వెంటనే పోల్ (షేర్ల లెక్కన ఓటింగ్) అడగండి, పదో వంతు ఓట్లున్నాయి గనుక కాదనలేరు.

నెగ్గాక 30 రోజుల్లో డిఐఆర్-12 (డైరెక్టర్ల మార్పు తెలిపే ఫారం) కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. పాత డైరెక్టర్లూ సెక్రటరీ డిజిటల్ సంతకం పెట్టకుండా మొండికేస్తే ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ వివాదాల ట్రైబ్యునల్) గడప ఎక్కక తప్పదు. కనుక ఉన్న డైరెక్టర్లలో ఒక్కరితోనైనా ముందే మాట్లాడి పెట్టుకోండి.