యిడ్డిష్ పుస్తకాలు తేవడానికి వెళ్లేముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. బ్రూక్లిన్‌లో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తున్నారని, తూర్పు యూరప్ యూదుల భాష అయిన యిడ్డిష్‌లో ఆయనకున్న పుస్తకాలు తెచ్చే పని నీకు అప్పగించారని రాశావు. గంటలో అయ్యే పని అనుకోకు, పూటంతా ఉండేలా వెళ్లు. ఆయన ఒక్కో పుస్తకం చేతికిస్తూ ఎక్కడ కొన్నదీ, ఎవరిచ్చినదీ చెబుతారు. తొందరపెట్టకుండా విను, రాసుకో. ఆ వివరాలు ఏ కేటలాగులోనూ దొరకవు.

1980లో ఆరన్ లాన్‌స్కీ యిడ్డిష్ పుస్తకాల సేకరణ మొదలుపెట్టేనాటికి, ఇంకా మిగిలి, దొరకగలిగినవి 70 వేలే అని పండితుల అంచనా. ఆమ్‌హెర్‌స్ట్‌లోని ఆయన స్థాపించిన యిడ్డిష్ బుక్ సెంటర్‌కు ఇప్పటికి పది లక్షలు దాటి చేరాయి. ఇవన్నీ ఎక్కువగా ఇళ్లలో, అటకల మీద, బేస్‌మెంట్లలో పడి ఉన్నవే. ఊరూరా తిరిగి వాటిని పోగుచేసిన స్వచ్ఛంద సేకర్తలను జామ్లర్లు అంటారు. ఇప్పుడు నువ్వూ ఒక జామ్లర్‌వే.

లిపి ఒకటే కాబట్టి హీబ్రూ పుస్తకాన్ని యిడ్డిష్ అనుకోవడం మామూలు పొరపాటు. యిడ్డిష్‌లో ఆయిన్ అక్షరం 'ఎ' అచ్చుగా పనిచేస్తుంది, అందుకే వరస వరసకీ అది కనబడుతుంది. హీబ్రూలో అంతగా ఉండదు. పుస్తకం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, మనకు వెనకట్ట అనిపించేదే దానికి ముందట్ట. ముద్రణ సంవత్సరం హీబ్రూ అక్షరాల్లో ఉంటే వాటి అంకె విలువలు కూడు. ఉదాహరణకు, తవ్ 400, రేష్ 200, పే 80, హే 5, మొత్తం 685. దానికి 1240 కలిపితే మన లెక్కలో 1925. యూదుల సంవత్సరాది శరత్తులో వస్తుంది గనుక అది 1924 చివరి నెలలైనా కావచ్చు.

సోవియట్ ముద్రణల దగ్గర జాగ్రత్త. హీబ్రూ నుంచి వచ్చిన మాటల్ని వాళ్లు పలికినట్టే రాశారు. 'ఎమెస్' (నిజం) అనే మాట మామూలుగా ఆలెఫ్, మెమ్, తవ్. వాళ్లకది ఆయిన్, మెమ్, ఆయిన్, సామెఖ్. కేటలాగులో రెండు విధాలా వెతక్కపోతే ఉన్న పుస్తకం లేదనిపిస్తుంది.

అక్కడే కూర్చుని ఏరకు, అన్నీ తీసుకో. తోలు బైండు చూసి మురిసిపోయేవాళ్లు పక్కనున్న 16 పేజీల కరపత్రాన్ని వదిలేస్తారు. ప్రసిద్ధ యిడ్డిష్ రచయిత షోలెం అలైఖెం రచనల 28 సంపుటాల న్యూయార్క్ ముద్రణ చాలా ఇళ్లలో ఉంది. చిన్న ఊళ్లో నాటక సమాజం వేసుకున్న పల్చటి పుస్తకం రెండో ప్రతి దొరక్కపోవచ్చు. నాజీల చేతిలో నాశనమైన యూదుల ఊళ్ల జ్ఞాపకంగా, బతికి మిగిలినవాళ్లు వేసుకున్న యిజ్కోర్ పుస్తకాలు కనిపిస్తే విడిగా పెట్టు. పేజీల మధ్య ఉత్తరమో ఫొటోనో ఉంటే, ఏ పేజీలో ఉందో రాసుకున్నాకే తియ్యి.

యిడ్డిష్ ఆధునిక సాహిత్యం పుట్టి పెరిగిన కాలమూ, చవక చెక్కగుజ్జు కాగితం కాలమూ ఒకటే. ఆ కాగితంలోని ఆమ్లం లోపలినుంచే తినేస్తుంది. పేజీ మూల మడిచి పరీక్షించకు, విరిగిపోతుంది. సెల్లో టేపు అసలు వద్దు, దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగు మరక చేస్తుంది. చిరుగులకు జపాను టిష్యూ, గోధుమ గంజి వాడతారు. ఆ పని నేర్చినవాళ్లకు వదిలెయ్యి.

పెట్టెలు చిన్నవి తీసుకెళ్లు, ఒక్కోటి 12 కిలోలు మించకూడదు. పుస్తకాన్ని పడుకోబెట్టు, లేదా వెన్ను కిందికి పెట్టు. తెరుచుకునే అంచు కిందికి పెడితే బరువుకి పేజీల కట్ట బైండు నుంచి ఊడివస్తుంది. బూజు పట్టినవి వేరే సంచిలో కట్టు, ఎన్95 మాస్కు లేకుండా తెరవకు. పురుగు ఉంటే పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి మైనస్ 20 డిగ్రీల్లో వారం ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకు, లేకపోతే చెమ్మ పుస్తకం మీదే చేరుతుంది.

స్కానింగు వంతు వచ్చినప్పుడు 400 డీపీఐలో, రంగుల్లో చేయించు. ఆలెఫ్ కింద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. అది 'ఆ' నా, 'ఓ' నా అని చెప్పేది ఆ గుర్తే. ఉత్త నలుపు తెలుపుల్లో తీస్తే అదే ముందు మాయమవుతుంది.

పాత గ్రంథాలయ ముద్రలు చెరపకు. విల్నా (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) ముద్ర కనిపిస్తే న్యూయార్క్‌లోని యీవో అనే యిడ్డిష్ పరిశోధన సంస్థకు తెలియజెయ్యి. 1925లో విల్నాలోనే పుట్టిన సంస్థ అది. నాజీలు దోచుకుంటున్న పుస్తకాల్ని కవి సుట్స్‌కెవర్, కచెర్గిన్‌స్కీ, వాళ్ల సహచరులు బట్టల కింద దాచి, యూదుల్ని నిర్బంధించిన పేట అయిన ఘెట్టోలోకి చేరవేసిన ఊరు విల్నా. దేవుడి పేరున్న మతగ్రంథాలు చిరిగిపోయినా చెత్తలో వెయ్యకూడదు, యూదుల ప్రార్థనామందిరం సినగాగ్‌కి ఇస్తే విధిప్రకారం పాతిపెడతారు.

చివరిగా, మంచం పక్క బల్ల మీద ఒక పుస్తకం ఉండవచ్చు. అది ఆయన ఇంకా చదువుకుంటున్నది. దాన్ని అడగకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న