టెక్ సందేహాలు: గ్రూపులో పెట్టిన పాఠం వెతికితే దొరకడం లేదు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల టీచర్లవే. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. విషయం అలాంటిది మరి.

*మేం రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు చెప్పే టీచర్లం. ఒక్కో బడిలో ఒకరమో ఇద్దరమో ఉంటాం. అందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకుని పాఠ్య ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు అందులో పంచుకుంటున్నాం. గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద అవన్నీ కూరుకుపోతున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు పాతవి కనబడవు. కొందరు మేడమ్‌లు తమ ఫోన్ నంబరు అందరికీ తెలియడం ఇష్టంలేక చేరడం లేదు. బయటివాళ్లు చూడకుండా, మా వరకే ఫేస్‌బుక్ లాంటిది ఉచితంగా పెట్టుకోవచ్చా సార్? నింగ్ అని ఒకటుందట కదా. — ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం*

నింగ్ పేరు చెప్పినవారు పాతకాపు అయ్యుంటారు. తొలినాళ్ల వెబ్ బ్రౌజర్ నెట్‌స్కేప్ పెట్టినవారిలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్, జీనా బియాంకినీతో కలిసి మొదలుపెట్టిన కంపెనీ అది. ఎవరికి వారు సొంత సోషల్ నెట్‌వర్క్ పైసా ఖర్చు లేకుండా తెరుచుకునే వీలు ఇచ్చింది. అమెరికా టీచర్లు దాన్ని బాగా పట్టుకున్నారు. స్టీవ్ హార్గడాన్ మొదలుపెట్టిన టీచర్ల నెట్‌వర్కు ‘క్లాస్‌రూమ్ 2.0’ అందులో పుట్టిందే. 2010లో నింగ్ ఉచిత సేవ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చాలా బడుల నెట్‌వర్కులు సామాను సర్దుకోవాల్సి వచ్చింది. టీచర్లు, పిల్లలు కలిసి వాడిన ఎడ్మోడో 2022 సెప్టెంబరు 22న మూతపడింది. మామూలు వాడకందారులకు గూగుల్ వారి సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లోనే పోయింది. కాబట్టి ఏ యాప్‌లో చేరినా మొదటిరోజే ఒక సంగతి చూసుకోండి: రేపు ఇది మూసేస్తే మన పాఠాలను బయటికి తెచ్చుకునే దారి ఉందా?

మీకు మాట్లాడుకునే చోటు ఒకటి, దాచుకునే చోటు ఒకటి కావాలి. ఇప్పుడు రెంటికీ కలిపి వాట్సాప్ ఒక్కటే ఉంది. సంతలో పుస్తకాల బీరువా పెట్టుకున్నట్టుంది వ్యవహారం. వాట్సాప్‌ను తీసేయమని అనను, అందరూ రోజూ చూసేది అదే కదా. గ్రూపు సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చి, మీటింగ్ తేదీలకూ సర్క్యులర్లకూ ఉంచుకోండి. ఒకరిద్దరు అలుగుతారు. వారంలో సర్దుకుంటారు.

మాట్లాడుకోవడానికి టెలిగ్రామ్‌లో ప్రైవేట్ గ్రూపు పెట్టుకోండి. అందులో ‘టాపిక్స్’ ఆన్ చేస్తే ఒకే గ్రూపు లోపల గదులు ఏర్పడతాయి: ఆరో తరగతి, వ్యాకరణం, ప్రశ్నపత్రాలు, బదిలీల కబుర్లు. ఆ చివరిది తప్పకుండా పెట్టండి. లేకపోతే బదిలీల చర్చ వచ్చి వ్యాకరణంలో కూర్చుంటుంది. కొత్తవారికి పాత మెసేజ్‌లు కనబడేలా చాట్ హిస్టరీ ఆప్షన్ తెరిచి ఉంచండి. ఇన్వైట్ లింక్ తయారు చేసేటప్పుడు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి అని పెడితే, లింక్ బయటికి పొక్కినా ముక్కూమొహం తెలియనివాళ్లు లోపలికి రాలేరు.

మేడమ్‌ల నంబర్ల సంగతికి వస్తే, టెలిగ్రామ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబరు ఎవరికి కనబడాలి అన్నచోట ‘ఎవరికీ వద్దు’ అని ఎంచుకోవచ్చు. దాని కిందే, నంబరు ఉన్నవాళ్లు మనల్ని వెతికి పట్టుకోవచ్చా అనే ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని ‘నా కాంటాక్టులు’కు మార్చాలి. చాలామంది మొదటిది మార్చి రెండోది మర్చిపోతారు. ఆ తర్వాత ఒక యూజర్‌నేమ్ పెట్టుకుంటే సరిపోతుంది. నంబరు కోసం వచ్చిన టెన్షన్ చాలావరకు తీరుతుంది.

ఒక హెచ్చరిక కూడా వినండి. టెలిగ్రామ్ గ్రూపు సంభాషణలకు వాట్సాప్‌లో మాదిరి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేని తాళం) ఉండదు. అవి కంపెనీ సర్వర్లలో ఉంటాయి. పాఠ్య ప్రణాళికలకు దానివల్ల బాధేమీ లేదు. పిల్లల మార్కులు, ఆధార్ కాపీలు మాత్రం అక్కడ పెట్టకండి.

దాచుకునే చోటుకు గూగుల్ డ్రైవ్ చాలు. మామూలు ఖాతాకు 15 జీబీ ఉచితం. ఆ స్థలంలోనే జీమెయిల్, ఫొటోలు కూడా ఉంటాయని గుర్తుంచుకోండి. తరగతికో ఫోల్డరు పెట్టి, అందరికీ చూసే హక్కు, నలుగురైదుగురికి మార్చే హక్కు ఇవ్వండి. ఫైలు పేర్లకు ఒక పద్ధతి ఉండాలి. ‘తరగతి 7 – సంధులు – ప్రశ్నపత్రం – 2025’ అని ఉంటే ఎప్పుడైనా దొరుకుతుంది. ‘ఫైనల్ కొత్తది 2’ అని ఉంటే పెట్టినవారికే దొరకదు.

ఎక్కువమంది చూసుకోనిది ఒకటుంది. ఆ ఫోల్డరు ఎవరి ఖాతాలో ఉంటే ఫైళ్లు వారివే. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమం గూగుల్‌కు ఉంది. పదవీ విరమణ చేసిన సారు కొత్త ఫోన్‌లో కొత్త మెయిల్ తెరుచుకుంటే పాత ఖాతాతో పాటు మీ ఉమ్మడి ఫోల్డరూ పోవచ్చు. అందుకని గ్రూపు కోసమే విడిగా ఒక మెయిల్ తెరవండి. పాస్‌వర్డు, రికవరీ నంబరు ఇద్దరు ముగ్గురు బాధ్యుల దగ్గర ఉంచండి. ఇప్పటికే ఒకరి ఖాతాలో ఉన్న ఫైళ్లకు ‘ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్’ చేయవచ్చు. అవతలి ఖాతాలో ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది.

ఏడాదికి ఒకసారి, వేసవి సెలవుల్లో అనుకుందాం, గూగుల్ టేకౌట్ (మన డేటా దింపుకునే గూగుల్ సేవ) ద్వారా డ్రైవ్ కాపీని, టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ’ ద్వారా సంభాషణల కాపీని తీసి హార్డ్ డిస్కులో పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో ఇది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ కావాలి. ఎడ్మోడో పోయినప్పుడు ఇలాంటి కాపీ ఉన్నవారికే పని నష్టం కాలేదు.

ఫేస్‌బుక్ ప్రైవేట్ గ్రూపు కూడా పెట్టుకోవచ్చు. కానీ దాని వరస నాకు నచ్చదు. కామెంట్లు ఎక్కువ పడిందే పైకి తేలుతుంది. బాగా కుదిరిన పాఠ్య ప్రణాళిక కింద ఎవరూ పోట్లాడుకోరు, కాబట్టి అది అడుగుకు పోతుంది. మీలో సర్వర్ పని తెలిసినవారుంటే, సొంత సర్వర్‌లో ఆన్‌లైన్ తరగతులు నడుపుకునే మూడుల్ చూడండి. మార్టిన్ డూగియామస్ తయారు చేసిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి పూర్తి వెర్షన్ 2002లో వచ్చింది. ఉచితమే, డేటా మొత్తం మీ చేతిలోనే ఉంటుంది. కాకపోతే హోస్టింగ్ ఖర్చు, అప్‌డేట్ల బాధ్యత మీవే. ఆ పని చూసే ఒక్క మనిషికి బదిలీ అయితే అంతా ఆగుతుంది. నన్నడిగితే ఇప్పుడే వద్దంటాను.

*డీటీపీ షాపులో టైప్ చేయించిన తెలుగు ప్రశ్నపత్రం గ్రూపులో పెడితే అందరి ఫోన్లలోనూ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనబడుతున్నాయి. అదే షాపులో చేయించిన ఒడియా పేపరుదీ అదే గతి. — పర్లాకిమిడి నుంచి ఒక టీచరమ్మ*

మీ షాపతను తెలుగుకు అనూ, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడుతుండాలి. అవి యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ విడి కోడ్ ఇచ్చే ప్రమాణం) ముందు పద్ధతిలోవి. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే, పైకి తెలుగు బొమ్మ తొడుగుతారు. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తొడుగు ఊడి లోపలి అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా జరగదు. ఒడియాకు, తెలుగుకు వేర్వేరు కోడ్ వరుసలున్నాయి. రెండు భాషలూ ఒకే పేజీలో కలిసి ఉన్నా తికమక రాదు. రెండు భాషల బడులున్న మీ ఊళ్లో ఇది చాలా పనికొస్తుంది.

ఇప్పటికిప్పుడు పని జరగాలంటే ఫైలును పీడీఎఫ్‌గా ఇమ్మనండి. ఫాంటు అందులోనే ఇమిడి వస్తుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనబడుతుంది. కానీ అందులో ఒక ప్రశ్న మార్చుకుని వాడాలంటే కుదరదు. వెతికినా దొరకదు. పాతవాటికి అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి. కాగితం మాత్రమే మిగిలి ఉంటే శుభ్రంగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ నొక్కండి. అచ్చు అక్షరాలైతే చాలావరకు టైప్ చేసిన మాటలుగా మారిపోతాయి. పట్టికలు మాత్రం చెదురుతాయి. ఇక మీదట ఫోన్‌లో గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డుతో మీరే టైప్ చేసుకుంటే షాపు మెట్లు ఎక్కే పనే ఉండదు. తెలుగు, ఒడియా రెండు కీబోర్డులూ కలుపుకోవచ్చు.

*మా బడి కొండ మీద. సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తెలుగులో బోధనకు వీడియోలు ఎక్కడ దొరుకుతాయి? — కొరాపుట్ జిల్లా*

కేంద్రం 2017 సెప్టెంబరు 5న మొదలుపెట్టిన బడి పాఠాల యాప్ దీక్షా ఉంది కదా. మీరు ఒడిశా బోర్డు ఎంచుకుని ఉంటారు, అందుకే తెలుగు పెద్దగా కనబడి ఉండదు. ప్రొఫైల్‌లో బోర్డును ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో, మీడియంను తెలుగుకు మార్చి చూడండి. సిలబస్ మీది కాదు, వరస కలవదు. అయినా సంధులు ఎక్కడైనా సంధులే. సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటే కొండ మీద నెట్ లేకుండా నడుస్తాయి. డ్రైవ్‌లోని ఫైళ్లను కూడా ఫోన్ యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని గుర్తు పెట్టుకోవచ్చు. టెలిగ్రామ్, వాట్సాప్‌లలో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి, డేటా మిగులుతుంది.

*మా హెడ్‌మాస్టరు గారు పిల్లల మార్కుల జాబితా, ఫొటోలు టీచర్ల గ్రూపులో పెట్టమంటున్నారు. పెట్టవచ్చా? — రాయగడ*

జాబితా వద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ఆ చట్టం పెద్దపీట వేసింది. హెడ్‌మాస్టరు గారికి విడిగా పంపండి. లేదా పేర్లు తీసేసి, రోల్ నంబర్లతో డ్రైవ్ షీటులో పెట్టి చూడాల్సినవారికే హక్కు ఇవ్వండి. ఫొటోలు ఇంట్లోవాళ్లను అడిగాకే పెట్టండి.

*గ్రూపులో ‘జీతాల పెంపు జీవో’ అని ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వచ్చింది. మా సహోద్యోగి నొక్కి ఇన్‌స్టాల్ చేసేశారు. ఇప్పుడు ఆయన నంబరు నుంచి అదే ఫైలు అందరికీ వెళ్తోంది. ఏం చేయాలి? — బరంపురం*

ముందు ఆయన ఫోన్‌లో డేటా, వైఫై ఆపించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ నిలిపివేయించాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. తర్వాత ఆ యాప్ తీసేసి, వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. ఆ యాప్ తీసినా పోకపోతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయక తప్పదు. గ్రూపు అడ్మిన్ ఆ ఫైలును అందరికీ డిలీట్ చేసి, ఆయన్ను తాత్కాలికంగా తీసేయాలి. ఫోన్ బాగయ్యాక మళ్లీ చేర్చుకోవచ్చు. ఏ ప్రభుత్వమూ జీవోను ఏపీకే రూపంలో పంపదని, వస్తే పీడీఎఫ్‌గా వస్తుందని గ్రూపు వివరణలో ఒక వాక్యం రాసి పెట్టండి.