ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియో డీవీడీ ప్లేయర్‌లో ఎందుకు ఆడటం లేదు?

ప్రొద్దుటూరులో మీ అవ్వావాళ్ల పాత ప్లేయర్ 'డిస్క్ ఎర్రర్' చూపిస్తోందంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు. ఎంపీ4 ఫైలును అలాగే కాపీ చేస్తే అది డేటా డిస్కు అవుతుంది. పాత ప్లేయర్‌కు కావలసింది ఎంపెగ్-2 (డీవీడీలు వాడే వీడియో రూపం) వీడియో, అదీ వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డరులో.

ఉచితంగా దొరికే డీవీడీస్టైలర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పిడి, మెనూ, బర్నింగ్ (డిస్కులో రాయడం) మూడూ చేస్తుంది. అందులో పాల్ (మన దేశపు టీవీ పద్ధతి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు), 16:9 (వెడల్పు తెర) ఎంచుకోండి. ఫోన్ వీడియో 30 ఫ్రేములదైతే పాల్‌లో కదలికలు కుదుపుగా ఉంటాయి. ప్లేయర్ ఎన్‌టీఎస్‌సీ (సెకనుకు దాదాపు 30 ఫ్రేముల అమెరికా పద్ధతి) కూడా ఆడితే అదే మేలు. నిలువుగా తీసినదానికి రెండు పక్కలా నల్లపట్టీలు తప్పవు.

4.7 జీబీ డిస్కు విండోస్‌లో 4.38గా కనిపిస్తుంది, మోసమేమీ లేదు, లెక్కలో తేడా అంతే. గంట వీడియోకు బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా) 8 మెగాబిట్లు ఇవ్వొచ్చు, రెండు గంటలకు 4.5 మించొద్దు. మూడు గంటల పెళ్లిని ఒక్కదాంట్లో కుక్కితే తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. రెండు డిస్కులు చేయండి.

డీవీడీ-ఆర్ (ఒక్కసారే రాయగల డిస్కు) తీసుకుని 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంలో రాయండి, చివర్లో ఫైనలైజ్ చేయండి (అంటే డిస్కును ముగించి ప్లేయర్లలో ఆడేలా చేయడం). మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు ఇక పనికిరాదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. రాసిన డిస్కును కడప ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు, లోపలి రంగుపొర పాడవుతుంది.