పస్సావ్‌లో అమ్మ చెయ్యి వదలకు

చిన్నీ,

డాన్యూబ్ నది మీద షిప్‌లో అమ్మని తిప్పుతున్నావని ఫ్యామిలీ గ్రూపులో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది నేను. సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. ధవళేశ్వరం దాటాలంటేనే నలుగురిని అడిగే నా చెల్లెలు జర్మనీ చూడబోతోందంటే రాత్రంతా నిద్ర పట్టలేదు, సగం సంతోషం, సగం భయం.

వీసా నువ్వు చూసుకుంటావు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. భోజనం దగ్గర శాకాహారమని ముందే రాయించు, గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పు. ఆదివారం అక్కడ షాపులుండవు. టాయిలెట్లకు చిల్లర నాణేలు ఉంచుకో.

ఇక జర్మనీలో మీ షిప్ ఆగే పస్సావ్. ఆ ఊరికి ఒక పక్క డాన్యూబ్, ఇంకో పక్క ఇన్ అనే నది, మధ్యలో సన్నగా పాత పట్నం. చివర రెండూ కలిసేచోట ఇల్జ్ అని మూడో నది కూడా వచ్చి చేరుతుంది. చూడ్డానికి బాగుంటుంది, తప్పిపోవడానికి ఇంకా బాగుంటుంది. మీ పెదనాన్న సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఆయన చెప్పనివ్వలేదు.

మేం వెళ్ళినప్పుడు, గైడ్ అందరినీ వదిలేశాక ఈయన ఫోటోలు తీసుకుని వస్తానని వెళ్ళారు. రేవు వివరాలు, షిప్ ఫోన్ నంబరు, ఎన్నింటికల్లా ఎక్కాలో అన్నీ రాసిన కాగితం రిసెప్షన్‌లో ఇస్తారు, దాన్ని కేబిన్‌లోనే పడేశారు. "నది, కొండ, కొండ మీద కోట, కింద మన షిప్, ఇందులో తప్పిపోయేదేముంది?" అన్నారు. నిజమే, షిప్‌లు ఆగే డాన్యూబ్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కొండమీద 1219లో మొదలైన ఒబెర్‌హౌస్ కోట కనిపిస్తుంది. కానీ ఇన్ ఒడ్డున నిలబడినా ఎదురుగా కొండే, దానిమీద మరియాహిల్ఫ్ చర్చి! ఈయన సందుల్లో తిరిగి తిరిగి అటు తేలారు. నది ఉంది, కొండ ఉంది, కొండమీద ఏదో కట్టడం ఉంది, షిప్ లేదు. వెళ్ళిపోయిందనుకున్నారు. ఫోటోల పుణ్యాన ఫోన్ ఛార్జింగ్ కూడా అయిపోయింది.

యూనివర్సిటీ ఆ ఒడ్డునే ఉంది కాబట్టి సరిపోయింది, ఎవరో చదువుకునే అమ్మాయి దారి చూపించి డాన్యూబ్ వైపు పంపింది. తీరా వస్తే అక్కడా మా షిప్ కనబడలేదట. మధ్యాహ్నం మాదాన్ని జరిపి, ఒడ్డు వైపు ఇంకో షిప్ కట్టారు. అలా పక్కపక్కనే కట్టేస్తారు చిన్నీ, మొదటి షిప్‌లోంచి నడిచి మన షిప్‌లోకి వెళ్ళాలి. ఈయనేమో పరాయి షిప్ ఎలా ఎక్కను అని బయటే నిలబడ్డారు. షిప్ పేరున్న కార్డు జేబులోనే ఉంది! నేను అవతల మొక్కని దేవుడు లేడు. సిబ్బందిలో ఒకతను ఆ కార్డు అడిగి చూసి లోపలికి తెచ్చాడు. అప్పుడు నేను తిట్టిన తిట్లకి, తెలుగు రాకపోయినా రిసెప్షన్ అమ్మాయి తల దించుకుంది.

అందుకని ఆ కాగితం అమ్మ పర్సులో కూడా ఒకటి పెట్టు. ఫోటో తీస్తే చాలదు. ఇన్ ఆల్ప్స్ నుంచి వస్తుంది, నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయి, ఆ పచ్చ కనిపిస్తే వెనక్కి తిరగమను.

టౌన్‌హాల్ గోడమీద వరద గుర్తులుంటాయి. 2013లో నీళ్ళు 12.89 మీటర్లకు వచ్చాయి, 1501 నాటి వరద తర్వాత అంత పెద్దది అదే. అక్కడ అమ్మ ఆగిపోతుంది, తొందరపెట్టకు. 1986లో గోదావరి పొంగినప్పుడు లంకలో మేనత్త ఇంటి డాబా మీద మేమిద్దరం ఒకే దుప్పట్లో ముడుచుకుని కూర్చున్నాం, అప్పట్నుంచి దానికి నీళ్ళంటే దడ. నీకు చెప్పి ఉండదు. షిప్‌కీ ఒడ్డుకీ మధ్య వేసే ఆ చిన్న వంతెన మీద చెయ్యి పట్టుకోవాలన్నది అందుకే. నీళ్ళు బాగా పెరిగినా, తగ్గినా షిప్ ఆపేసి బస్సుల్లో తీసుకెళ్తారు, అప్పుడు వాళ్ళతో గొడవపడకు.

సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో ఆర్గన్ వాయిద్యం మాత్రం తప్పించకు. 17,974 గొట్టాలు! భజన మందిరం హార్మోనియం దగ్గర్నుంచి అమ్మని లేపి తీసుకురావడం నా పనిగా ఉండేది, ఇక్కడ ఏం చేస్తుందో చూడాలని ఉంది. మే నుంచి అక్టోబరు దాకా, ఆదివారాలు, సెలవులు తప్ప, మధ్యాహ్నం 12 గంటలకు కచేరీ ఉంటుంది. మీరెళ్ళే వారంలో ఉందో లేదో ముందే కనుక్కో.

అక్కడివన్నీ రాళ్ళు పరిచిన వీధులు. బూట్లు ఇప్పుడే కొని రోజూ సాయంత్రం వేయించి నడిపించు. వేసుకోనంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

పెద్దమ్మ

ఇన్ వైపు కావాలనే వెళ్ళానని రాయమంటున్నారు పెదనాన్న. రాశాను, నువ్వు నమ్మకు.