దాని పక్కన ఏం పెడుతున్నారు?

అమ్మలూ,

మీ కంపెనీ తెస్తున్న ఆ సన్నటి లాప్‌టాప్‌ని ఎక్కువమంది కొనరేమోనని టెన్షన్ పడుతున్నావని రాశావు. కొనకపోయినా ఫర్వాలేదమ్మా. మీ పేరు ఏనాడూ పట్టించుకోనివాళ్లు దాన్ని చూసి ఆగితే చాలు. నేను భయపడేది వాళ్లు ఆగాక ఏం జరుగుతుందోనని.

కౌంటర్ వెనక ఇన్నేళ్లు నిలబడి చూసింది చెబుతాను. మనిషి వస్తాడు, ఆ ఖరీదైన మోడల్ మీద అరచేత్తో ఒకసారి నిమురుతాడు, ఒక్క వేలితో మూత ఎత్తుతాడు. ధర చూసి మెల్లగా దించేస్తాడు. తర్వాత అడుగుతాడు, "ఇదే కంపెనీలో కాస్త తక్కువలో ఏముంది?" అని. మీ కష్టమంతా ఆ ప్రశ్న కోసమే. అప్పుడు మేం చూపించిన మోడల్ మూత ఎత్తబోతే కింది భాగం కూడా లేచి వచ్చేది, కీబోర్డు మధ్యలో నొక్కితే కుంగేది. మారు మాట్లాడకుండా వెళ్లిపోయేవారు.

2008 జనవరిలో యాపిల్ స్టీవ్ జాబ్స్ మ్యాక్‌బుక్ ఎయిర్ అనే సన్నటి లాప్‌టాప్‌ని ఆఫీసు కవరులోంచి తీసి చూపించాడు. ధర 1,799 డాలర్లు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే, సీడీ డ్రైవ్ లేదు. అందరికీ సరిపడే మెషిన్ కాదది. అందరూ ఆ కవరు గురించే చెప్పుకుంటారు గానీ, నాకు నచ్చింది తర్వాత జరిగింది. దాని తయారీలో నేర్చుకున్న పద్ధతి, అంటే అల్యూమినియం దిమ్మెను తొలిచి బాడీ చెయ్యడం, అదే ఏడాది అక్టోబరుకల్లా మామూలు మ్యాక్‌బుక్‌కి వచ్చింది. 2010లో ఎయిరే 999 డాలర్ల నుంచి దొరికింది. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ కీబోర్డు మధ్యలో మౌస్‌లా పనిచేసే ఎర్రచుక్క కూడా అంతే. 1992లో ఖరీదైన మోడల్‌తో మొదలై, తర్వాత ఆ పేరుకే గుర్తయింది.

డెల్ వాళ్ల సన్నటి, ఖరీదైన లాప్‌టాప్ అడామో 2009లో వచ్చింది. ఎంత అందంగా ఉండేదో! రెండేళ్లకే ఆపేశారు. అందం ఒక్కటే చాలదన్నమాట.

అందుకే ఆ ఖరీదైనదాంట్లోంచి ఒక్క గుణాన్ని చవక మోడల్‌కి దించమని ఇప్పుడే పట్టుబట్టు. రంగు, లోగో దించితే సరిపోదు, చేతికి తెలిసేది కావాలి. హింజ్ (మూత తిరిగే కీలు) గానీ, కీబోర్డు గానీ. ఖరీదైన మోడల్, చవక మోడల్ రెండూ ఒకేసారి మార్కెట్లోకి రావాలి. ఆరు నెలలు ఆలస్యమైతే ఆ ఆసక్తి ఇంకొకరికి పోతుంది.

రేపు ఆఫీసుకెళ్లగానే మీ చవక మోడల్ మూత ఒక్క వేలితో ఎత్తి చూడు. కింది భాగం లేస్తే, ప్రకటనల డబ్బులోంచి కొంత ఆ హింజ్‌కి అడుగు.

నీ మావయ్య