గడువు తీరిన ప్రకటనలు సెర్చ్‌లో కనపడకుండా

నాయనా,

మీ సైటులో "రొట్టెల పండగ" అని వెతికితే పోయినేటి బస్సుల వేళలే పైన వస్తున్నాయని రాశావు. ముందు ఇది సరిచెయ్యి. ఈ పండగ మొహర్రం నెలలో వస్తుంది, ఆ నెల ఏటా మన క్యాలెండర్‌లో పది పదకొండు రోజులు ముందే వస్తుంది. పాత తేదీ నమ్మి పిల్లాజెల్లాతో నెల్లూరు స్వర్ణాల చెరువు దాకా వచ్చినవాళ్లు ఉసూరుమంటూ తిరిగిపోవాలి.

పాత పేజీలు తీసెయ్యబాక, దాస్తే చాలు. ప్రతి ప్రకటనకూ 'గడువు' అని ఒక కస్టమ్ ఫీల్డ్ (పోస్టుకు అదనంగా జోడించే సమాచారపు గడి) పెట్టు. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో ఎనిమిది అంకెలుగా రాయి: 20260115 లాగా. రోజు ముందు రాశావంటే పోలిక తలకిందులవుతుంది.

వడపోత వర్డ్‌ప్రెస్ ప్రీ-గెట్-పోస్ట్స్ హుక్‌లో పెట్టు, అంటే డేటాబేస్ నుంచి పోస్టులు తెచ్చేముందు మన కోడ్ నడిచే చోట. అడ్మిన్ తెర కాకూడదు, మెయిన్ క్వెరీ (ఆ పేజీ కోసం వర్డ్‌ప్రెస్ తనే అడిగే ప్రధాన ప్రశ్న) కావాలి, అది సెర్చ్ అయ్యుండాలి. ఈ మూడూ చూశాకే గడువు ఈరోజు లేదా ఆ తర్వాత ఉన్నవాటిని రానివ్వు. అందరూ తప్పేది ఇక్కడే: బారాషహీద్ దర్గా చరిత్ర లాంటి పేజీకి గడువే ఉండదు, ఈ ఒక్క షరతుతో అదీ మాయమైపోతుంది. అందుకని ఫీల్డే లేనివి, ఫీల్డ్ ఉండీ ఖాళీగా వదిలేసినవి కూడా రావాలని 'ఆర్' (లేదా) కలిపి రాయి.

టెంప్లేట్‌లో లూప్ తిరిగేటప్పుడు, అంటే తెచ్చిన పోస్టులను ఒక్కొక్కటే చూపేటప్పుడు, గడువు తీరినవి వదిలెయ్యడం తేలికే గానీ వద్దు. పది తెచ్చి ఆరు దాస్తే పేజీలో నాలుగే మిగులుతాయి, పేజీల లెక్కంతా చెడుతుంది.

'ఈరోజు' ఏదో కూడా చూసుకో. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన తీసుకుంటే మనకు తెల్లారి ఐదున్నర దాకా నిన్నటిదే నడుస్తుంది. టైమ్‌జోన్ కోల్‌కతా పెట్టి, డబ్ల్యూపీ-డేట్ ఫంక్షన్ వాడు. పేజీ క్యాష్ (ముందే తయారుచేసి దాచిన పేజీల నకళ్లు) ఉంటే అర్ధరాత్రి దాటాక ఖాళీ చేయించు.

గూగుల్‌కు ఈ వడపోత పట్టదు. గడువు తీరిన పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని వెతుకులాటలో చూపొద్దని చెప్పే గుర్తు) పెట్టు, కానీ అదే పేజీని రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ యంత్రాలు ఎక్కడికి రావచ్చో చెప్పే ఫైల్) అడ్డుకోబాక. లోపలికి రానివ్వకపోతే గూగుల్ ఆ ట్యాగ్‌ను చదివేదెట్లా? సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు అడిగితే త్వరగా పోతుంది గానీ అది సుమారు 6 నెలలే. రొట్టెల పండగకైతే నా మాట విని ఏటేటా కొత్త పేజీ మాను. ఒకే చిరునామా ఉంచి లోపలి వేళలు మార్చు, దానికి నోఇండెక్స్ కూడా అక్కర్లేదు.

అయ్యాక నాలుగు పోస్టులు పెట్టి చూడు: గడువు నిన్నటిది, ఈరోజుది, ఖాళీది, అసలు లేనిది. లాగౌట్ అయి వెతుకు. నిన్నటిది ఒక్కటే మాయం కావాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న